గిజిగాడు గూటిని సగంలో ఎందుకు ఆపేస్తుంది?

[దృశ్యం: ఊరి బయట దిగుడు బావి. దాని మీదికి వంగిన ఈతచెట్టు. మట్టల చివర్ల నుంచి ఇరవై దాకా గూళ్లు వేలాడుతున్నాయి. ముందు దూరం నుంచి, తర్వాత పక్కపక్కన ఉన్న రెండు గూళ్ల మీదికి.]

వ్యాఖ్యానం:
ఈ రెండు గూళ్లూ చూడండి. ఎడమది పూర్తయింది. పైన సన్నటి కాడ, మధ్యలో ఉబ్బిన గది, పక్క నుంచి కిందికి దిగిన గొట్టం. కుడి వైపు దానికి గొట్టం లేదు సరికదా, అడుగు కూడా లేదు. కింద నిలబడి చూస్తే రెండు కన్నాలు, వాటి మధ్య ఒక అడ్డపట్టీ కనిపిస్తాయి. చెట్టు ఒకటే, పిట్ట జాతి ఒకటే, కట్టింది కూడా ఈ రెండు వారాల్లోనే. మరి రెండోది ఎందుకు ఆగిపోయింది?

మగపిట్ట వానకు తలదాచుకోవడానికి ఇలాంటివి విడిగా కట్టుకుంటుందని చాలాకాలం నమ్మారు. 1930లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ బొంబాయికి దగ్గర్లోని కిహీం అనే తీరగ్రామంలో ఒక గిజిగాళ్ల గుంపును ఓపికగా గమనించి, అసలు సంగతి బయటపెట్టారు. సగం గూడు మగపిట్ట ఆడపిట్టల ముందు పెట్టే నమూనా. ఆడపిట్ట ఒప్పుకుంటేనే మిగతా సగం కడుతుంది.

[తెర మీద రెండు పక్షుల బొమ్మలు: తల పసుప్పచ్చగా ఉన్న మగది, పక్కన మట్టిరంగు ఆడది]

ముందు పిట్టను గుర్తుపట్టండి. పిచ్చుకంతే ఉంటుంది, పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. వేసవిలో మగ, ఆడ రెండూ ఆడపిచ్చుకలాగే ఉంటాయి, చాలామంది పిచ్చుకలే అనుకుని వదిలేస్తారు. తొలకరి దగ్గర పడేసరికి మగదాని నడినెత్తి, రొమ్ము పసుపు రంగుకు తిరుగుతాయి. ముఖం మీద ముదురు గోధుమ రంగు ముసుగు, ముక్కు దాదాపు నలుపు. ఆడది మాత్రం మారదు. గూటి దగ్గర పసుపు తల కనిపిస్తే అది కట్టేది, మట్టిరంగు తల కనిపిస్తే అది పరీక్షించేది.

[దృశ్యం: వరి మడి. ఒక మగపిట్ట ఆకు మీద వాలి, మొదట్లో కొరికి, అంచు పట్టుకుని ఎగురుతుంది. నెమ్మది చేసి మళ్లీ చూపించాలి.]

వ్యాఖ్యానం:
ఇక్కడ చూడండి, పనితనం అంతా ఇందులోనే ఉంది. ఆకును మొత్తంగా తెంపడం లేదు. మొదలు దగ్గర అంచు మీద ముక్కుతో చిన్న గాటు పెట్టింది. ఆ గాటు దగ్గర అంచును కరిచి పట్టుకుని ఎగిరింది. ఎగిరే ఊపుకు ఆకు ఈనె వెంట చీలి, సన్నటి పోగు చేతికొచ్చింది, అదే, ముక్కుకొచ్చింది. పోగు పొడవు 20 నుంచి 60 సెంటీమీటర్లు. వరి, చెరుకు, గడ్డి, ఈత, తాటి, ఏ ఆకైనా పద్ధతి ఇదే. ఒక గూడు పూర్తి కావడానికి ఇలా 500 సార్ల దాకా తిరగాల్సి వస్తుంది.

పోగు పచ్చిగా ఉండగానే అల్లాలి. ఎండితే బిరుసెక్కి, మెలి తిప్పితే విరుగుతుంది. పచ్చిగా అల్లిన ముడి ఎండే కొద్దీ బిగుసుకుంటుంది. అందుకే వానలు ఆలస్యమైతే గూళ్లూ ఆలస్యమవుతాయి. నారు మడిలో ఆకు జానెడు కూడా లేనప్పుడు పోగు ఎక్కడి నుంచి తెస్తుంది?

[యానిమేషన్: కాడ, వలయం, హెల్మెట్, గది, గొట్టం. ఒక్కో దశ దగ్గర ఆగాలి.]

వ్యాఖ్యానం:
మొదటి పని కాడ. మట్ట చివర, లేదా సన్న కొమ్మ చివర పోగులు చుట్టి, ముడులు వేసి, ఒక ముద్దలా చేస్తుంది. గూడు బరువంతా మోసేది ఇదే. మొదటిసారి కట్టే కుర్రపిట్టలు తప్పు చేసేది కూడా ఇక్కడే. చుట్లు వదులుగా వేస్తే నాలుగు రోజుల పని ఒక్క గాలివానకు నేల మీద పడుతుంది.

కాడ నుంచి రెండు పాయలు కిందికి దించి, కింద కలిపితే నిలువు వలయం తయారు. పిట్ట ఆ వలయం అడుగున కూర్చుని, తన ముక్కు అందినంత మేర పైకప్పు అల్లుకుంటూ పోతుంది. కప్పు రెండు వైపులా వంగి దిగితే వచ్చేదే హెల్మెట్ దశ. వలయం అడుగు భాగం ఇప్పుడు అడ్డపట్టీ అయింది. మనం మొదట చూసిన రెండు కన్నాల మధ్య పట్టీ అదే. పూర్తయిన గూటిలో దానికి ఒక వైపు గుడ్ల గది వస్తుంది, రెండో వైపు గొట్టం దిగుతుంది. పట్టీ రెండింటి మధ్య గడపలా నిలబడి, గూడు ఊగినా గుడ్లు గొట్టంలోకి దొర్లకుండా ఆపుతుంది.

గూడు మొత్తం పూర్తి కావడానికి సుమారు 18 రోజులు పడుతుంది. హెల్మెట్ దాకా రావడానికి సుమారు 8. లెక్క ఇప్పుడు అర్థమవుతుంది. ఆడపిట్ట కాదంటే పోయేది 8 రోజుల కష్టమే. 18 రోజులూ పెట్టి కట్టాక కాదంటే సగం సీజన్ పోయినట్టే. ఇంతకంటే తెలివైన బేరం పక్షుల్లో అరుదు.

[దృశ్యం: నాలుగైదు ఆడపిట్టలు చెట్టు మీద వాలాయి. మగపిట్టలన్నీ తమ తమ హెల్మెట్లకు వేలాడుతూ రెక్కలు టపటపలాడిస్తూ అరుస్తున్నాయి. సహజ శబ్దం పది సెకన్లు వదలాలి.]

వ్యాఖ్యానం:
పెళ్లిచూపులే, కాకపోతే ఇల్లు చూస్తున్నారు. ఆడపిట్ట లోపలికి వచ్చి పట్టీ మీద కూర్చుంటుంది, పోగులు ముక్కుతో లాగి చూస్తుంది, వెళ్లిపోతుంది, మళ్లీ వస్తుంది. అల్లిక అందం కంటే గూడు ఎక్కడ ఉందన్నదే దాని నిర్ణయంలో ఎక్కువ పని చేస్తుందని పరిశీలనల్లో తేలింది.

ఒప్పుకుందా, మగపిట్ట వెంటనే గది మూసి, గొట్టం దించే పనిలో పడుతుంది. లోపలి సర్దుబాట్లు ఆడపిట్టవి. గుడ్లు తెల్లగా, 2 నుంచి 4 దాకా ఉంటాయి. పొదిగేది ఆడదే, 14 నుంచి 17 రోజులు. పిల్లలు ఎగరడానికి మరో 17 రోజులు. మగది మేత తేవడంలో ఎప్పుడైనా ఒక చెయ్యి వేస్తుంది, అంతే. అప్పటికే అది ఇంకో హెల్మెట్ పట్టుకుని ఇంకో ఆడపిట్ట కోసం రెక్కలాడిస్తుంటుంది. ఒకే మగపిట్టకు ఒకే సీజన్‌లో రెండు మూడు సంసారాలు మామూలే.

[దగ్గరి దృశ్యం: హెల్మెట్ లోపలి గోడకు అంటిన మట్టి ముద్దలు]

వ్యాఖ్యానం:
ఈ మట్టి గురించి ఒక మాట. రాత్రి వెలుగు కోసం గిజిగాడు మట్టిలో మిణుగురు పురుగులు అంటిస్తుందని పల్లెల్లో చెబుతారు. వినడానికి బాగుంటుంది, కానీ దానికి ఆధారం లేదు. రాత్రిపూట నిద్రపోయే పిట్టకు దీపంతో పనేమిటి? తడి మట్టి అంటించే మాట మాత్రం నిజం. గూటికి బరువు చేరి, గాలికి ఊగడం తగ్గుతుందన్నది నమ్మదగ్గ వివరణ.

[దృశ్యం: గొట్టం అడుగు. ఒక పిట్ట రెక్కలు ముడిచి నిలువుగా లోపలికి దూసుకెళుతుంది.]

వ్యాఖ్యానం:
గొట్టం చివర పోగులు కావాలనే వదులుగా ఉంటాయి. దానికి వేలాడి ఎక్కాలనుకున్న జంతువుకు పట్టు దొరకదు. గిజిగాడికి వేలాడే పని లేదు, ఎగిరిన ఊపులోనే లోపలికి వెళ్తుంది. అలాగని గూడు కోట అనుకోవద్దు. పాములు పైనుంచి కాడ మీదుగా దిగుతాయి. కాకులు గొట్టం జోలికే పోకుండా గది గోడ చీల్చేస్తాయి. తుమ్మ ముళ్ల మధ్య, బావి నీళ్ల మీద గూళ్లు ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

ఇంకో శత్రువు గాలి. నైరుతి గాలులు కొట్టే పడమటి వైపును వదిలి, చాలా గుంపులు చెట్టుకు తూర్పు వైపున కడతాయి. పడమటి వైపు గూడు కనిపిస్తే అది తరచుగా అనుభవం లేని కుర్రపిట్టదే అయి ఉంటుంది. వీటికి పక్కింటివాళ్ల బెడద కూడా ఉంది. యజమాని వరి మడికి వెళ్లిన సమయం చూసి, పొరుగు మగపిట్ట దాని గూటి పోగులు లాక్కుని తన గూటికి వాడుకుంటుంది. అందుకే మగపిట్టలు గూటి దగ్గర అంతగా అరుస్తూ తరుముకుంటాయి.

[దృశ్యం: చెట్టు కింద నేల. రాలిన పోగులు, ఒక పడిపోయిన హెల్మెట్.]

వ్యాఖ్యానం:
మీ ఊళ్లో గుంపు ఉంటే ఇలా చూడండి. ఉదయం ఎండ ముదరకముందే వెళ్లండి, కట్టే పని అప్పుడే జోరుగా ఉంటుంది. 25, 30 మీటర్ల దూరంలో కూర్చుంటే చాలు, 8×42 బైనాక్యులర్‌తో అల్లికలో ఒక్కో పోగూ తెలుస్తుంది. రంగు చూడండి: పచ్చగా ఉంటే ఈ రెండు మూడు రోజుల పని, గడ్డి రంగుకు తిరిగితే పాతది. కప్పు గడ్డి రంగు, గొట్టం పచ్చ అయితే ఆ గూటికి ఆడపిట్ట ఒప్పుకుని కొద్దిరోజులే అయింది. మొత్తం ఎండిపోయినా హెల్మెట్ దగ్గరే ఆగిందంటే ఎవరూ ఒప్పుకోలేదు. ఆడపిట్ట పురుగులు నోట కరుచుకుని మాటిమాటికీ గొట్టంలోకి వెళ్తుంటే లోపల పిల్లలున్నాయి.

గూడు ఖాళీగా ఉందో లేదో కొమ్మ ఊపి చూడకండి. డ్రోన్ వద్దు. షోకేసు కోసం కోయడం అసలే వద్దు: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లనూ గూళ్లనూ కదిలించడాన్ని వేట కిందే లెక్కిస్తుంది. సీజన్ అయ్యాక ఖాళీ గూళ్లలో మునియా పిట్టలు, చెట్టెలుకలు కాపురం పెడతాయి. గూడు పాతదైనంత మాత్రాన పనికిరానిది కాదు.

[దృశ్యం: చెరువులో జమ్ము. కాడల మధ్య పొట్టి గూడు. రొమ్ము మీద చారలున్న పిట్ట.]

వ్యాఖ్యానం:
చివరగా, చెరువు జమ్ములో గూడు కనిపిస్తే అది ఈ పిట్టది కాకపోవచ్చు. భారతదేశంలో గిజిగాళ్లు నాలుగు జాతులు. వాటిలో చారల గిజిగాడు మన చెరువుల్లోనూ కనిపిస్తుంది. రొమ్ము మీద నల్లటి చారలు, గుంపు చిన్నది. దాని గూడు పొడవాటి కాడకు వేలాడదు. జమ్ము ఆకుల కొసలను వంచి, కప్పులో కలిపి అల్లేస్తుంది. దూరం నుంచి తేడా పట్టాలంటే గూటి పైభాగం చూడండి. కాడ ఉంటే మామూలు గిజిగాడు, ఆకులే కప్పులోకి దిగి ఉంటే చారల గిజిగాడు.