ఆ గదిలో ఇంకెవరు పడుకుంటారు?

నమస్కారం. మా పెద్దనాన్నకి క్షయ వచ్చిన ఏడాది మా ఇంట్లో ఆయన కంచం వేరు, గ్లాసు వేరు. ఆ గ్లాసుని కిటికీ గూట్లో విడిగా బోర్లించేవాళ్లు. రాత్రయితే మాత్రం పిల్లలం నలుగురం ఆయన గదిలోనే, చలని తలుపులు బిగించుకుని పడుకునేవాళ్లం. గ్లాసుతో కాదు, గాలితో అంటుకునే జబ్బు అది. మాకెవరూ చెప్పలేదు.

స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో రాబర్ట్ ఫిలిప్ అనే డాక్టరు ఉండేవారు. 1882లో జర్మన్ శాస్త్రవేత్త కాక్ క్షయ క్రిమిని కనిపెట్టాక, 1887లో, ముప్ఫై ఏళ్లు కూడా నిండకుండానే బ్యాంక్ స్ట్రీట్‌లో క్షయ రోగుల కోసం డిస్పెన్సరీ తెరిచారు. నయం చేసే మందు లేదు. క్షయకి పనిచేసిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా యాభై ఏళ్ల పైమాటే. మరి చేసిందేమిటి? రోగి ఇంటికి నర్సుని పంపారు.

వెళ్లి చూసేవి, అడిగేవి ఏమిటంటే: ఎన్ని గదులు? కిటికీ తెరుస్తున్నారా? రోగి గదిలో ఇంకెవరు పడుకుంటారు? ఇంకెవరైనా దగ్గుతున్నారా? ఉమ్మడానికి సీసా ఇచ్చేవారు. ఆ తర్వాత ఇంటిల్లిపాదినీ రమ్మనేవారు. భార్య, పిల్లలు, ముసలమ్మ, ఒకరి తర్వాత ఒకరు డాక్టరు ముందుకి. దీన్ని ఫిలిప్ ‘మార్చ్ పాస్ట్’ అన్నారు. నాకైతే పంద్రాగస్టు కవాతు గుర్తొస్తుంది! నాకేం లేదులే అనుకునేవాళ్లలోనూ జబ్బు బయటపడేది అక్కడే.

1907లో ఎడిన్‌బరోలో క్షయ కేసుల్ని అధికారులకి తెలపడం తప్పనిసరి చేశారు. న్యూయార్క్‌లో అంతకు పదేళ్ల ముందే. అక్కడ డాక్టర్లు గొడవపడ్డారు, రోగి పేరు మేమెందుకు చెప్పాలని. వాళ్లని పూర్తిగా తప్పుపట్టలేను. జబ్బు సంగతి బయటికొస్తే ఉన్న పని కూడా ఊడుతుందన్న టెన్షన్ ఉత్తిది కాదు.

ఇవాళ ఒక్కటే అడుగుతాను. మీ ఇంట్లో ఒకరికి టీబీ అని తేలితే, ఆశా కార్యకర్త వచ్చినప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లందరి పేర్లూ చెప్పండి. అందరివీ. చదువుకని హాస్టల్‌కి వెళ్లిన పిల్లాడు, రెండు నెలలు ఉండి వెళ్లిన అత్తయ్య కూడా లెక్కే. రెండు వారాలు దగ్గు తగ్గకపోతే తెమడ పరీక్ష చేయించండి. సర్కారు ఆసుపత్రిలో ఉచితం.

పెద్దనాన్న జబ్బు బయటపడినప్పుడు మా ఇంట్లో తొమ్మండుగురం. ఒక్కరికీ పరీక్ష చేయలేదు. గ్లాసుని మాత్రం రోజూ వేడినీళ్లతో తోమారు.