కాంటాక్టుల పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

(ప్రపంచ ఆరోగ్య దినోత్సవం సందర్భంగా విజయవాడలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికమీది వైద్యులకు, ఇంత ఎండలోనూ వచ్చిన ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు, ఇంజనీరింగ్ విద్యార్థులకు నమస్కారం. అంటువ్యాధుల కట్టడిలో సెల్‌ఫోన్ పాత్ర గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ప్రజారోగ్య శాఖలో సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరైన నాకు ఈ విషయంలో చెప్పవలసిన మాట ఒకటి మిగిలిపోయింది. దానికోసమే ఈ ఆహ్వానాన్ని ఒప్పుకున్నాను.

ముందు ఫోను సంగతి చెబుతాను. కొవిడ్ వ్యాప్తిలో మూడో వంతు నుంచి సగం దాకా ఇంకా లక్షణాలు కనబడని వారి నుంచే జరుగుతోందని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2020లో 'సైన్స్' పత్రికలో లెక్కగట్టారు. రోగిని దగ్గరగా కలిసినవారిని, అంటే కాంటాక్టులను, మనం ఇల్లిల్లూ తిరిగి రాసుకునేలోగా వ్యాధి మన కంటే ముందు వెళ్లిపోతుంది కాబట్టి, కబురు క్షణాల్లో అందాలంటే ఫోనే శరణ్యమని వారు వాదించారు. ఆ వాదన సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. కాంటాక్టులను గుర్తించే యాప్‌గా 2020 మార్చి 20న సింగపూర్ 'ట్రేస్‌టుగెదర్' తెచ్చింది, ఏప్రిల్ 2న మన దేశం 'ఆరోగ్య సేతు' తెచ్చింది, మే నెలలో ఆపిల్, గూగుల్ కలిసి అదే పనికి తమ పద్ధతిని విడుదల చేశాయి.

ఇలాంటి యాప్ ఉన్న రెండు ఫోన్లు దగ్గరగా వస్తే బ్లూటూత్ ద్వారా గుర్తులు ఇచ్చిపుచ్చుకుంటాయి, సంకేతం ఎంత బలంగా ఉందో చూసి దూరాన్ని అంచనా వేస్తాయి. అపార్టుమెంటులో పక్క వాటా గోడ అవతల ఉన్న మనిషి కూడా ఆ అంచనాలో పక్కనే కూర్చున్నట్టు పడవచ్చు. ఎదురుగా కూర్చున్నవాడి ఫోను సంచి అడుగున ఉంటే ఆ అంచనాలో అతడు దూరమైపోతాడు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఇద్దరి దగ్గరా యాప్ ఉంటేనే ఆ కలయిక నమోదవుతుంది కాబట్టి, ఊళ్లో నూటికి నలభై మంది యాప్ వేసుకుంటే నూరు కలయికల్లో పదహారు మాత్రమే చిక్కుతాయి. అయినా అది వ్యర్థం కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో నూటికి ఇరవై ఎనిమిది మంది వాడిన యాప్ 2020 చివరి మూడు నెలల్లో లక్షల కేసులను ఆపిందని 'నేచర్' పత్రికలో అంచనా వచ్చింది.

ఇక మన రాష్ట్రానికి వద్దాం. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు కాంటాక్ట్ ట్రేసింగ్ సిబ్బంది సేకరించిన వివరాలతో, 84,965 మంది రోగుల కాంటాక్టుల్లో పరీక్ష జరిగిన 5,75,071 మందిని పరిశీలించి చేసిన అధ్యయనం కూడా 2020లో 'సైన్స్'లోనే అచ్చయింది. రోగుల్లో 71 శాతం మంది తమ కాంటాక్టుల్లో ఎవ్వరికీ అంటించలేదని, 8 శాతం మంది ద్వారానే కొత్త కేసుల్లో 60 శాతం వచ్చాయని అందులో తేలింది. ఈ సభలో ఉన్న ఏఎన్ఎమ్మలారా, ప్రపంచం చదివిన ఆ అంకెలు మీలాంటి వారు గడపల దగ్గర నిలబడి నింపిన ఫారాల్లోంచి వచ్చాయి. ఆ మాట మీకు ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు, నేను చెబుతున్నాను.

ఆ ఎనిమిది శాతం ఎలాంటిదో 2020 ఏప్రిల్‌లో మన కృష్ణలంక చూసింది. లాక్‌డౌన్‌లో పొద్దుపోక ఒక లారీ డ్రైవరు ఇరుగుపొరుగుతో ఆడిన పేకాట వల్ల ఇరవై నాలుగు మందికి సోకిందని కలెక్టరుగారే ప్రకటించారు. ఎంతసేపు ఆడారు, తలుపులు మూసి ఉన్నాయా, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు అనేవి అడిగితేనే తెలుస్తాయి. అడిగినా, ఎదుటి మనిషికి మన మీద నమ్మకం ఉంటేనే చెబుతారు.

నేను చెప్పవలసిన మాట ఇక్కడుంది. ఆ రోజుల్లో పాజిటివ్ వచ్చిన ఒక పనిమనిషి ఇంటికి వెళ్లాను. ఏ ఇళ్లలో పనిచేస్తోందో చెప్పమంటే, రేకుల వాకిట్లో తలుపు సగమే తీసి నిలబడి, "ఆ ఇళ్ల పేర్లు చెబితే రేపు నన్ను గడప తొక్కనిస్తారా మేడమ్‌గారూ?" అంది. పేరు బయటకు రాదని మాటిచ్చాను. అప్పుడు నాలుగు ఇళ్లూ చెప్పింది, ఒక ఇంట్లో మంచం పట్టిన ముసలాయన ఉన్నాడని, ఆయన్ని ముందు చూడమని కూడా చెప్పింది. రెండు రోజులు తిరక్కుండానే ఆ జాబితా, పేర్లూ ఇంటి నంబర్లతో సహా, వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది. ఏ బల్ల మీద నుంచి జారిందో ఎవరూ విచారించలేదు. ఆమెకు నాలుగు ఇళ్ల పనీ పోయింది. ఆ తరువాత ఆ వీధిలో ఏ తలుపు తట్టినా "మేం ఎవర్నీ కలవలేదండీ" అన్నదే జవాబు. జాబితాను జారవిడిచినవారికి జీతం ఆగలేదు, ఆమెకు మాత్రం పూట గడవడం ఆగిపోయింది. ఈ అన్యాయం గురించి ఇన్నేళ్లలో ఒక్క సమీక్షలోనైనా చర్చ జరిగినట్టు నేను వినలేదు.

మాట తప్పడం సింగపూర్‌లోనూ జరిగింది. ట్రేస్‌టుగెదర్ వివరాలు కాంటాక్టులను గుర్తించడానికే వాడతామన్న ప్రభుత్వం, నేర విచారణలో పోలీసులు కూడా వాటిని తీసుకోవచ్చని 2021 జనవరిలో పార్లమెంటులో ఒప్పుకోవలసి వచ్చింది. జనం నిలదీశాక ఏడు రకాల తీవ్ర నేరాలకే పరిమితం చేస్తూ చట్టం చేసింది. ఆపిల్, గూగుల్ పద్ధతిలో ఎవరు ఎవరిని కలిశారన్న జాబితా ఏ సర్వరుకూ చేరదు, రోగి ఫోను గుర్తులతో సరిపోల్చడం ఎవరి ఫోనులో వారికే జరుగుతుంది. లేని జాబితాను వాట్సాప్‌లో ఎవరూ తిప్పలేరు. ఇంజనీరింగ్ చదివే బాబులూ, అమ్మాయిలూ, రేపు ఇలాంటి యాప్ రాసేది మీరే. ఆ పనిమనిషిని తలచుకుని రాయండి.

గోప్యత ఒక్కటే చాలదు. ఇంట్లో కూర్చోమన్నవాడికి కూలి డబ్బులు ఎవరిస్తారు? ఇంగ్లండ్‌లో తక్కువ ఆదాయం ఉన్నవారికి 500 పౌండ్లు ఇచ్చే పథకం 2020 సెప్టెంబరులో మొదలైంది, కానీ యాప్ హెచ్చరించినవారు ఎవరో తెలియదు గనుక డిసెంబరు దాకా వారికి అది వర్తించలేదు. మన రాష్ట్రంలో క్వారంటైన్ కేంద్రాల నుంచి ఇంటికి వెళ్లే పేదలకు 2,000 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించారు. ఇంటిపట్టునే ఉండిపొమ్మన్న కాంటాక్టుకూ అలాంటిది ముందే, అడగకముందే అందాలి.

ఇందుకోసం మరో మహమ్మారి దాకా ఆగనక్కరలేదు. క్షయ రోగుల ఇళ్లలో కాంటాక్టులను వెతికే పని ఈ నగరంలో ఇప్పుడూ జరుగుతోంది. రోగికి నెలనెలా ఇచ్చే పోషకాహార సాయాన్ని 2024 నవంబరు నుంచి 500 నుంచి 1,000 రూపాయలకు పెంచారు. వేదిక మీదున్న అధికారులను నేను కోరేది ఒక్కటే. ఆ కాంటాక్టుల రిజిస్టరు ఎవరెవరు తెరవవచ్చో, పని ముగిశాక ఎన్నాళ్లకు చెరిపేయాలో, బయటకు పొక్కితే జవాబుదారీ ఎవరో రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి, దాని ప్రతిని ప్రతి ఏఎన్ఎం సంచిలో ఉంచండి.