పల్లెటూరి జోస్యుడు

శ్రోతలకు నమస్కారం.

1752 అక్టోబరు 18. ఫ్రాన్సు దేశంలో ఫాంటెన్‌బ్లో రాజభవనం. రాజు పదిహేనవ లూయీ కొలువుదీరి కొత్త ఒపెరా, అంటే పాటలతో నడిచే నాటకం, చూస్తున్నాడు. వజ్రాలూ పట్టుబట్టలూ మెరిసిపోతున్న ఆ సభలో ఒక్క మనిషి మాత్రం మాసిన గడ్డంతో, సరిగా దువ్వని విగ్గుతో కూర్చున్నాడు. ఆ ఒపెరా ఆయనదే. మాటలు రాసిందీ, బాణీలు కట్టిందీ ఆయనే. పేరు రూసో. అవును, రాజనీతి పాఠాల్లో మనం చదువుకునే రూసోయే.

ఒపెరా పేరు ‘పల్లెటూరి జోస్యుడు’. ఒకటే అంకం, మూడే ముఖ్యపాత్రలు. కోలెట్ అనే పల్లెపడుచు కన్నీళ్ళు పెట్టుకుని పాడుతూ ఉంటుంది. ఆమె మనసిచ్చిన కోలాన్ ఊరి దొరసాని మోజులో పడ్డాడు. కోలెట్ చిల్లర లెక్కపెట్టి, కాగితంలో చుట్టి జోస్యుడి దగ్గరకు వెళుతుంది. “నువ్వూ వేరొకరిని ఇష్టపడుతున్నట్టు నటించు” అని ఆయన ఉపాయం చెబుతాడు. తరువాత కోలాన్ వస్తే, “నీ పిల్ల పట్నం దొరకు మనసిచ్చింది” అంటాడు. ఇక వాడి గుండె జారిపోతుంది! మంత్రదండం తిప్పి, ఏవో మంత్రాలు గొణిగి, ఇద్దరినీ కలుపుతాడు జోస్యుడు. మిగిలినదంతా ఊరి పండుగ, ఆటాపాటా.

నాకు ఇందులో బాగా నచ్చేది జోస్యుడు తనలో తాను అనుకునే మాట. ఈ పిల్లలు తమ గుట్టంతా తామే నాకు చెప్పారు, అదే తిరిగి చెబితే ఎంత గొప్ప విద్య అని ఆశ్చర్యపోతున్నారు అని నవ్వుకుంటాడు. పాపం, మోసగాడేమీ కాదు. వినడం తెలిసినవాడు, అంతే.

రాజుకు ఆ పాటలు ఎంతగా పట్టుకున్నాయంటే, కోలెట్ పాడిన మొదటి పాటను మరునాడంతా పాడుతూనే ఉన్నాడట. రాజ్యం మొత్తంలో అంతకన్నా అపస్వరపు గొంతు లేదని కోలాన్ వేషం కట్టిన గాయకుడు రూసోకు ఉత్తరం రాశాడు. ఆ రోజే రాజదర్శనానికి రమ్మని రూసోకు పిలుపు. రాజుగారు భరణం, అంటే పింఛను, ఇస్తారన్న మాటా వినబడింది. రూసో వెళ్ళలేదు. ఊరు విడిచి వెళ్ళిపోయాడు. మూత్రవ్యాధి ఒకవైపు, బిడియం ఒకవైపు. భరణం పుచ్చుకుంటే నోరు కట్టేసుకున్నట్టే అన్న భయం వీటికి తోడు. భరణం వదులుకున్నందుకు మిత్రుడు, రచయిత దిదెరో గట్టిగానే మందలించాడు.

1753లో బెల్వ్యూ భవనంలో దీన్ని మళ్ళీ ఆడినప్పుడు కోలాన్ వేషం కట్టింది ఎవరో తెలుసా? రాజుగారి ప్రియురాలు మదామ్ పాంపడూర్! దొరసానిని వదిలి పల్లెపిల్ల దగ్గరకు తిరిగివచ్చే కుర్రవాడి పాత్ర ఆమెది. ఆ ప్రదర్శనకు ఆమె పంపిన 50 బంగారు నాణేలను రూసో కాదనలేదు. ఐదారు వారాల్లో ముగించిన ఈ చిన్న ఒపెరా, ఇరవై ఏళ్ళు ఆలోచించి మూడేళ్ళు రాసిన ‘ఎమీల్’ అనే విద్యా గ్రంథంతో దాదాపు సమానంగా డబ్బు తెచ్చిపెట్టిందని ఆత్మకథలో ఆయనే లెక్క చెప్పుకున్నాడు.