మిద్దె తోట ఆకు, మైక్రోవేవ్‌లో మూడు నిమిషాలు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే మొక్కల కోసం చెన్నైలో ఇంతమంది తెలుగువాళ్ళం ఒకచోట కూర్చోవడం నాకు నిజంగా సంతోషంగా ఉంది. ముందుగా రెండు సీసాలు మీ వైపు పంపిస్తున్నాను. మూత తీసి వాసన చూసి పక్కవాళ్ళకి ఇవ్వండి. రెండింట్లోనూ పుదీనాయే, ఒకే కుండీలోది, ఒకే రోజు కోసింది. నల్లగా ఉన్నది ఫ్యాను కింద వారం రోజులు ఆరింది. పచ్చగా ఉన్నది మైక్రోవేవ్‌లో మూడు నిమిషాల్లో ఎండింది.

మా అమ్మ అనంతపురంలో కరివేపాకుని చాటలో పోసి వరండాలో ఒక మూలన పెట్టేది. రెండు మూడు రోజులకి ఆకు గలగలమనేది, పొడి కొడితే ఇల్లంతా వాసన వచ్చేది. పెళ్ళయి చెన్నై వచ్చాక నేనూ అదే చాటలో అలాగే పెట్టాను, నాలుగో రోజుకి కూడా ఆకు మెత్తగానే ఉంది, ఆరో రోజుకి అంచులు నల్లబడ్డాయి, ఒకసారైతే అక్టోబరు ముసురులో బూజే పట్టింది. అమ్మ పద్ధతిలో తప్పు లేదు, మన గాలిలోనే తేమ ఎక్కువ. సముద్రం పక్కన గాలే చెమ్మగా ఉంటే ఆకులో నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఎండలో పెడదామంటే వడియాలకి పనికొచ్చే ఎండ ఆకుకి పనికిరాదు, రంగు పాలిపోతుంది, వాసన ఎగిరిపోతుంది.

ఆకుని కోసిన తర్వాత కూడా దానిలోపల ఎంజైములు, అంటే రసాయన మార్పుల్ని నడిపించే ప్రొటీన్లు, పనిచేస్తూనే ఉంటాయి, ఆకు నల్లబడటానికి ముఖ్య కారణం అవే. నెమ్మదిగా ఆరితే వాటికి కావలసినంత సమయం దొరుకుతుంది. మైక్రోవేవ్ తరంగాలు సెకనుకి 245 కోట్ల సార్లు ఊగుతాయి, ఆ ఊపుకి ఆకులోపలి నీటి అణువులు కదిలి వేడెక్కుతాయి, నీరు ఆవిరై పోతుంది, ఆ వేడికి ఎంజైముల పని కూడా మొదటి నిమిషంలోనే చాలావరకు ఆగిపోతుంది. పచ్చదనం నిలిచేది అందుకే.

కానీ ఇందులోనే ప్రమాదం కూడా ఉంది. తరంగాలని పీల్చుకునేది ప్రధానంగా నీరు. ఆ నీరు అయిపోయాక కూడా ఓవెన్ నడుస్తూనే ఉంటే ఆకు మాడుతుంది, నిప్పురవ్వలు రావచ్చు, ఓవెన్ కూడా పాడవుతుంది. నేను మొదటిసారి రెండు గుప్పిళ్ళ కరివేపాకు కుప్పగా పోసి ఒకేసారి ఐదు నిమిషాలు పెట్టి ఫోన్ మాట్లాడటానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఓవెన్ నిండా పొగ. అంచుల ఆకులు పచ్చగానే ఉన్నాయి, మధ్యలోవి బొగ్గయ్యాయి. అప్పుడు తలుపు తీయలేదు, అదే నన్ను కాపాడింది. తలుపు తీస్తే గాలి తగిలి మంట లేస్తుంది. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పొగ తగ్గేదాకా ఆగాలి. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి, ఆకు లోపల ఉన్నంతసేపు ఓవెన్ ముందు నుంచి కదలకండి.

ఇక పద్ధతి. పొద్దున మంచు తడి ఆరాక, ఎండ ముదరకముందే కోయండి, మొక్క పూతకి రాకముందైతే వాసన బాగా ఉంటుంది. కోయంబేడు మార్కెట్ నుంచి తెచ్చిన కట్టయినా ఫరవాలేదు, బాగా కడగాలి, అంతే. కడిగాక గుడ్డ మీద పరిచి ఫ్యాను కింద గంటో రెండు గంటలో ఉంచండి. ఈ పని తప్పించుకోవద్దు, పైన నీళ్ళున్న ఆకు ఎండదు, ఉడుకుతుంది. కాడలు తీసేసి ఆకులు మాత్రమే, ఒకదాని మీద ఒకటి పడకుండా, వంటింటి టిష్యూ మీద ఒక వరస పరిచి పైన ఇంకో టిష్యూ కప్పండి. న్యూస్‌పేపర్ వద్దు, ఇంకు అంటుతుంది. పాత నూలు పంచె ముక్క బాగానే పనిచేస్తుంది గానీ జరీ అంచు మాత్రం ఉండకూడదు, రవ్వలు వస్తాయి. బంగారు గీత ఉన్న పింగాణీ ప్లేటు కూడా అంతే. మనలో చాలామందివి వేడిగాలితో బేకింగ్ కూడా చేసే కన్వెక్షన్ ఓవెన్లు కాబట్టి లోపలి ఇనుప స్టాండు తీసేసి, మైక్రో మోడ్‌లోనే ఉందో లేదో చూసుకోండి. ఒక మూల చిన్న గాజు గ్లాసులో నీళ్ళు పెట్టడం నా అలవాటు, ఆకు తడి తగ్గేకొద్దీ మిగిలిన శక్తిని ఆ నీళ్ళు తీసుకుంటాయి.

మా ఇంట్లో 800 వాట్ల దాంట్లో ముందు 1 నిమిషం. తీసి, తడిసిన టిష్యూ మార్చి, ఆకులు తిప్పి 30 సెకన్లు. మళ్ళీ చూసి 20 సెకన్లు, అవసరమైతే ఇంకో 20. మీ ఓవెన్‌కి ఈ లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది, అందుకే గడియారం కంటే వేళ్ళని నమ్మండి. ఆకు పూర్తిగా విరగకముందే, ఇంకా కొంచెం వంగుతున్నప్పుడే తీసేయండి, ప్లేటులో చల్లారేటప్పుడు మిగతాది అదే గలగలలాడుతుంది. ఓవెన్‌లోంచి వాసన గుప్పుమని వస్తోందంటే అది సీసాలో ఉండాల్సిన వాసన. అక్కడ ఆపేయాలి.

అన్ని ఆకులూ దీనికి లొంగవు. మెంతికూర అన్నింటికంటే బాగా వస్తుంది, కసూరి మేథీ కొనడం నేను మానేశాను. పుదీనా, మునగాకు, తులసి బాగుంటాయి. తులసి కోయని రోజులు పాటించే ఇళ్ళలో ఆ రోజులు వదిలేసి కోసుకోండి. కరివేపాకు కాస్త టప్‌టప్‌మంటుంది, ఆగి ఆగి పెట్టాలి. పొడికి మాత్రం దీన్ని మించింది లేదు, తడి లేని ఆకు కాబట్టి నూనెలో వేయించే పని లేదు, పొడికి బూజు పట్టే భయమూ తక్కువ. కొత్తిమీర వద్దంటే వద్దు. రంగు మిగులుతుంది, కొత్తిమీర మిగలదు, దాన్ని పచ్చిగానే వాడండి. వాము ఆకు మందం, నిండా నీళ్ళే, ముద్దయిపోతుంది. దాన్ని బజ్జీకి ఉంచుకుందాం.

పోయిన నెల ఒక పిన్నిగారు అడిగారు, రేడియేషన్ ఆకులో ఉండిపోదా అమ్మా అని. ఉండదు పిన్నీ. లైటు ఆపేస్తే గదిలో వెలుగు మిగలనట్టే, ఓవెన్ ఆపగానే ఆ తరంగాలూ పోతాయి. ఆకులో మిగిలేది వేడి మాత్రమే.

దాచుకోవడంలో మాత్రం మనకి చెన్నై గాలితోనే పోరాటం. పూర్తిగా చల్లారగానే సీసాలో వేసి మూత బిగించండి, రాత్రంతా బయట వదిలేస్తే మళ్ళీ మెత్తబడుతుంది. మర్నాడు పొద్దున మూత లోపలివైపు చూడండి, చెమ్మ కనిపిస్తే ఇంకో 20 సెకన్లు పెట్టాలి. పొయ్యి పైనున్న అరలో పెట్టొద్దు, వెలుతురు తగలని చోట ఉంచండి. ఆకుని ఆకులాగే దాచి, వాడేటప్పుడే నలపండి. ఆరు నెలల్లోపు వాడేస్తే మంచిది. పచ్చి తరుగు 3 చెంచాలు పడే చోట ఎండుది 1 చెంచా చాలు.

100 గ్రాముల పుదీనా ఆకు ఎండితే చేతికొచ్చేది 15, 20 గ్రాములే, చూసి నిరుత్సాహపడకండి. అక్టోబరులో వానలు మొదలై కుండీల్లో నీళ్ళు నిలిచి పుదీనా వేళ్ళు కుళ్ళిపోతాయి కదా, ఏటా మనందరం చూసేదే. కాబట్టి సెప్టెంబరు చివర్లోనే గట్టిగా కత్తిరించి ఎండబెట్టుకుంటే, మొక్క పోయినా డిసెంబరు దాకా రసంలోకి, పులావులోకి మన ఆకే ఉంటుంది.

సీసాలు వెనక వరస దాకా వెళ్ళాయా? సరే, పుదీనా పరిచి తెచ్చాను, ప్లగ్ పాయింట్ ఇక్కడే ఉంది. ముందు వరసలోవాళ్ళు ఇటు రండి. మొదటి నిమిషం అయ్యాక ఆకు ఎలా ఉందో మీరే వేళ్ళతో పట్టుకుని చెప్పాలి.