భోగాపురానికి దేశీయ విమానాలు: గాజువాక మనిషి మాటేమిటి?

విశాఖ విమానాశ్రయం నుంచి విమాన సంస్థలు తమ దేశీయ సర్వీసుల్ని విజయనగరం జిల్లా భోగాపురంలోని కొత్త విమానాశ్రయానికి మార్చడం సబబేనా అన్న విషయం మీద విశాఖ స్టూడియోలో జరిగిన చర్చ ఇది. ఎవరు ఎలా మాట్లాడారో అలాగే రాశాను, ఒకరి మాట మీద ఒకరు పడ్డ చోట్లతో సహా.

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ రెండు వైపుల వాదనా సమంగా వింటాం. విశాఖకి దక్షిణం వైపు గాజువాకలో ఉన్న మనిషి హైదరాబాద్ వెళ్ళాలంటే గంటంపావు విమానం కోసం రెండు గంటలు రోడ్డు మీద ఉండాలా? ట్రావెల్స్ యజమానిగారూ, మీరు మొదలుపెట్టండి.

ట్రావెల్స్ యజమాని: రెండు గంటలు మీరంటున్నారు మేడమ్, హనుమంతవాక దగ్గర ఇరుక్కుంటే ఎంతవుతుందో నన్నడగండి. ఇప్పుడైతే షీలానగర్ దాటితే ఎయిర్‌పోర్టు. స్టీల్‌ప్లాంట్, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్, అన్నీ ఊరికి ఇటువైపు. కొత్తదేమో తగరపువలస కూడా దాటాక. ఉదయం ఆరింటి ఫ్లైటంటే మూడింటికల్లా కారెక్కాలి, చంటిపిల్లలున్నా ముసలివాళ్ళున్నా అంతే, పైగా...

రిటైర్డ్ ఎయిర్‌పోర్టు అధికారి: ఒక్క నిమిషం, నన్ను కూడా...

ట్రావెల్స్ యజమాని: పూర్తి చెయ్యనివ్వండి సార్. పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చేవాడు రానూపోనూ కారుకి పెట్టే డబ్బు టికెట్ డబ్బుతో పోటీ పడితే వాడు విమానం ఎందుకెక్కుతాడు? వందేభారత్ ఎక్కేస్తాడు.

రిటైర్డ్ అధికారి: అయ్యా, ఇప్పుడున్న విశాఖ ఎయిర్‌పోర్టుది నేవీ రన్‌వే, ఐఎన్‌ఎస్ డేగా అనే వాళ్ళ స్థావరం. మనం అక్కడ అద్దెకున్నవాళ్ళం. 2023 నవంబరులో రన్‌వే పనులని రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది దాకా మూసేస్తే ఎన్ని సర్వీసులు తారుమారయ్యాయో మీకే తెలుసు. భోగాపురంలో 3,800 మీటర్ల రన్‌వే, మొదటి దశలోనే ఏడాదికి 60 లక్షల మందికి సరిపోయే టెర్మినల్...

ట్రావెల్స్ యజమాని: రన్‌వే పొడుగు నా ప్రయాణికుడికెందుకండీ? వాడెక్కేది ఏ320, మామూలు దేశీయ విమానం. దానికి ఇక్కడున్న మూడు కిలోమీటర్లు చాలదా?

వ్యాఖ్యాత: మరి గాజువాక మనిషి సంగతి? అది చెప్పండి సార్.

రిటైర్డ్ అధికారి: వస్తున్నా. దేశీయ విమానాలు ఇక్కడ, విదేశీ విమానాలు అక్కడ అనుకోండి. విజయవాడ నుంచి వచ్చి సింగపూర్ వెళ్ళేవాడు సామాను దింపుకుని ఊరంతా దాటుకుంటూ పోవాలి. సంస్థలు కూడా రెండు చోట్లా సిబ్బందిని పెట్టుకోవు.

ట్రావెల్స్ యజమాని: గోవాలో పెట్టుకోలేదా? అక్కడి పాత ఎయిర్‌పోర్టు డబోలిమ్ కూడా నేవీదే, ఐఎన్‌ఎస్ హంస. 2023 జనవరిలో కొత్త ఎయిర్‌పోర్టు మోపా నుంచి విమానాలు మొదలైనా డబోలిమ్ మూయలేదు.

రిటైర్డ్ అధికారి: మూయలేదు, కానీ 2024లో ఖతార్ ఎయిర్‌వేస్ డబోలిమ్ వదిలి మోపాకి వెళ్ళిపోయింది. దక్షిణ గోవా ట్యాక్సీవాళ్ళు అందుకే...

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. గోవా ట్యాక్సీల గొడవ మీదకి మాట మళ్ళి కాసేపు అక్కడే తిరిగింది.)

వ్యాఖ్యాత: మనం విశాఖకి వద్దాం. భోగాపురం రైతుగారూ?

భోగాపురం రైతు: గూడెపువలస, కవులవాడ వైపు మావాళ్ళు భూములిచ్చినప్పుడు ఎవరూ దూరం లెక్క అడగలేదండి. విమానాలొస్తాయి, పిల్లలకి పనులొస్తాయని ఇచ్చాం. ఇప్పుడు దేశీయ విమానాలు విశాఖలోనే ఉంచేస్తే మాకు మిగిలేదేంటి? ఇంకోటి, శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు ఇన్నేళ్ళూ విశాఖ ఊరు మొత్తం దాటుకునే కదా...

వ్యాఖ్యాత: మంచి పాయింట్, మళ్ళీ వస్తాను. గాజువాక నుంచి దారి ఉందా లేదా?

(వ్యాఖ్యాత మళ్ళీ రైతు దగ్గరికి రాలేదు. శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్ళు పడ్డ కష్టం కూడా కష్టమే. ఈ ప్రశ్న ఒక్క వాక్యంతో దాటేయాల్సింది కాదు.)

రిటైర్డ్ అధికారి: ఉంది. పెందుర్తి మీదుగా ఆనందపురానికి ఆరు లేన్ల రోడ్డు ఉంది, ఊళ్ళోకి రానక్కర్లేదు.

ట్రావెల్స్ యజమాని: అది అనకాపల్లివాడికి బాగుంటుంది! గాజువాకవాడు వెనక్కి తిరిగి పెందుర్తి పోయి, అక్కడ్నుంచి ఆనందపురమా? మెట్రో అంటారు, మొదటి దశ ప్రతిపాదన స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకానే. కొమ్మాదిలో దిగి పెట్టెలు నెత్తిన పెట్టుకోవాలా?

రిటైర్డ్ అధికారి: 2008లో హైదరాబాద్ ఎయిర్‌పోర్టు బేగంపేట నుంచి శంషాబాద్ వెళ్ళినప్పుడు కూడా ఇదే గోల. ఇవాళ ఎవరైనా బేగంపేట కావాలంటున్నారా?

ట్రావెల్స్ యజమాని: శంషాబాద్ వైపు వెళ్ళే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎప్పుడు తెరిచారు? 2009 అక్టోబరులో! విమానాలు వెళ్ళిపోయిన ఏడాదిన్నరకి! నేను మొదట్నుంచీ అంటున్నది అదే. దారి ముందు, విమానాలు తర్వాత. అప్పటిదాకా దేశీయ సర్వీసు ఒక్కటి కూడా కదలకూడదు.

వ్యాఖ్యాత: కరెక్టే, దారి లేకుండా ఎలా?

రిటైర్డ్ అధికారి: మేడమ్, మీరు కూడా అటే మాట్లాడితే ఎలా? నేవీ స్లాట్లు, అంటే విమానాలు దిగి లేచే సమయాలు, ఇవ్వకపోతే మీరేం...

ట్రావెల్స్ యజమాని: స్లాట్లు అడిగి తెచ్చుకోవాలి! ఇన్నేళ్ళూ ఇచ్చారు కదా!

భోగాపురం రైతు: నాకొక్క నిమిషం ఇస్తానన్నారు...

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. గాజువాక నుంచి భోగాపురానికి నేరుగా బస్సులు ఎప్పుడేస్తారో అధికారులే చెప్పాలి. విరామం తర్వాత వార్తలు.