కంచం వేరు చేయకండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఆశా కార్యకర్తలకు, టీబీ మందులు వాడుతూ కూడా వచ్చి కూర్చున్నవారికి మరీ ప్రత్యేకంగా నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం క్షయ నివారణలో అంతర్జాతీయ సహకారం. ఈ మాట ఎత్తగానే అందరూ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉన్న జెనీవాతో మొదలుపెడతారు. నేను మద్రాసుతో మొదలుపెడతాను.

1950లలో క్షయకు వైద్యం అంటే శానిటోరియం, అంటే క్షయ రోగులను ఉంచే ఆసుపత్రి. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం మీకు తెలిసే ఉంటుంది. పలు క్రైస్తవ మిషన్లు కలిసి స్థాపించిన ఆ శానిటోరియాన్ని తొలి రోజుల్లో నడిపింది డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి. అయితే లక్షల మంది రోగులున్న దేశంలో అన్ని మంచాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికే 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి మద్రాసులో ఒక కేంద్రం తెరిచాయి. నడిపించినవారు బ్రిటన్ వైద్యుడు డాక్టర్ వాలెస్ ఫాక్స్.

నగరంలోని పేద రోగులను రెండు వర్గాలు చేశారు. ఎవరు ఎటు వెళ్లాలన్నది వైద్యుడి ఇష్టానికి వదల్లేదు. ఒక వర్గం శానిటోరియానికి, ఇంకొక వర్గం తమ ఇళ్లకే. ఇద్దరికీ అవే మందులు, ఐసోనియాజిడ్, పీఏఎస్, ఏడాది పాటు. ఇంటి దగ్గర ఉన్నవారికి చాలీచాలని తిండి, ఇరుకు గదులు. ఆరోగ్య కార్యకర్తలు చెప్పకుండా ఇంటికి వెళ్లి, మందు మింగారో లేదో మూత్రపరీక్షతో చూసేవారు. ఏడాది తిరిగేసరికి శానిటోరియంలో 92 శాతం మందికి, ఇంటి దగ్గర 86 శాతం మందికి జబ్బు అదుపులోకి వచ్చింది. నయం చేసింది మందే, మంచం కాదు. 1959లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాక ప్రపంచమంతటా క్షయ వైద్యం దారి మార్చుకుంది.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది, దయచేసి వినండి. రోగి ఇంట్లో ఉండి మందులు వాడినందువల్ల కుటుంబంలో మిగతావారికి అదనంగా జబ్బు అంటుకోలేదు. ఏళ్ల తరబడి గమనించి మరీ తేల్చారు. అంటుకోవడం ఎక్కువగా వైద్యం మొదలుకాక ముందే జరుగుతుంది. క్షయ వచ్చేది గాలి ద్వారా. కంచం ద్వారా కాదు, గ్లాసు ద్వారా కాదు.

అయినా నేను తిరిగిన ఇళ్లలో ఏం చూశాను? గ్లాసు పిడికి ఎర్ర దారం. ఎవరూ పొరపాటున తాగకుండా గుర్తు. ఆ గ్లాసు పెరటి గోడ మీద బోర్లించి ఉంటుంది. దాని యజమానురాలు పెళ్లీడు పిల్ల, మందులు మొదలుపెట్టి మూడు నెలలు దాటింది, తెమడలో క్రిములు లేవు. "మా అమ్మకు చెప్పండి సార్" అని నన్ను అడిగింది. చెప్పాను. దారం తీయలేదు. అమ్మలారా, అత్తలారా, మిమ్మల్నే అడుగుతున్నాను. మద్రాసు పేటల్లోని నిరుపేదలు తమ ఇళ్ల తలుపులు తెరిచి ప్రపంచానికి నిరూపించి ఇచ్చిన సత్యం ఇది. మన ఇంట్లోకి మాత్రం ఎందుకు రానివ్వం?

సహకారం గురించి ఇంకో రెండు మాటలు. ముంబయికి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలే, ఇద్దరూ క్షయను జయించి, మందుల దుష్ప్రభావంతో వినికిడి పోగొట్టుకున్నవారు. మామూలు మందులకు లొంగని మొండి క్షయకు వాడే మందు బెడాక్విలిన్. దాన్ని ఇతరులు తయారుచేయకుండా దాని కంపెనీ అడిగిన మరో పేటెంటును మన దేశంలో సవాలు చేశారు. 2023 మార్చిలో గెలిచారు. ఆ ఏడాదే ప్రపంచ మార్కెట్లో ఆ మందు ధర బాగా దిగింది. సహకారం అంటే నాకు ఇదీ. ఇంకోవైపు 2025లో అమెరికా సహాయం ఆపేయగానే పలు దేశాల్లో పరీక్షలకు, మందులకు అంతరాయం కలిగింది. 2024లోనే ప్రపంచంలో 12 లక్షల మందికి పైగా క్షయతో చనిపోయారు. రోగుల్లో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ధనిక దేశాలను నిలదీయాల్సిందే, నిలదీద్దాం. దానికి ముందు పెరటి గోడ మీది గ్లాసు లోపలికి తెచ్చుకుందాం.

సమయం మించింది, క్షమించండి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉన్నవారు బయట బల్ల దగ్గర పేరు రాయించండి. డబ్బా ఇస్తారు. రేపు పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, లోపలి నుంచి దగ్గి తెమడ పట్టి తీసుకురండి. ఉమ్మి కాదు, తెమడ. పరీక్ష ఉచితం, మందులు ఉచితం.