గంటకు ఎన్ని మిల్లీలీటర్లు?

అందరికీ నమస్కారం. ఇంట్లో ఒకరికి కీమో నడుస్తుంటేనే మీలో చాలామంది ఇవాళ ఇక్కడికి వచ్చారు. మందు సంగతి మీ డాక్టరుగారు చెప్పే ఉంటారు. ఆ మందును ఒంట్లోకి పంపే పంపు గురించి నేను చెబుతాను.

పెద్దపేగు క్యాన్సర్‌కు వాడే ఫ్లోరోయురాసిల్‌నే తీసుకుందాం. రక్తంలో కలిసిన 10–20 నిమిషాలకే అది సగానికి తగ్గిపోతుంది. పైగా కణం కొత్త డీఎన్ఏ తయారుచేసుకునేటప్పుడే దాని దెబ్బ బాగా తగులుతుంది. క్యాన్సర్ కణాలన్నీ ఒకేసారి ఆ పనిలో ఉండవు కదా! అందుకే, దీన్ని మరికొన్ని మందులతో కలిపి ఇచ్చే ఫోల్‌ఫాక్స్ అనే పద్ధతిలో 46 గంటలపాటు ఆపకుండా ఎక్కిస్తారు. అన్ని గంటలు చేతి నరానికి ఎక్కించడం మంచిది కాదు కాబట్టి ఛాతీ దగ్గర చర్మం కింద పోర్టు, అంటే మందును పెద్ద రక్తనాళంలోకి పంపే చిన్న డబ్బీ, పెడతారు.

కరెంటు పంపుకు వేగాన్ని నర్సు పెడుతుంది. గొట్టంలో గాలి చేరినా, దారి మూసుకుపోయినా అది మోగుతుంది. అంకె తప్పు పడితే మాత్రం, ఆ మందుకు హద్దు ముందే పెట్టి ఉంచకపోతే, చెప్పిన వేగంతోనే పంపేస్తుంది.

2006లో కెనడాలోని ఎడ్మంటన్‌లో ఇదే జరిగింది. ఫ్లోరోయురాసిల్ 4 రోజులపాటు వెళ్లాలి. లేబుల్ మీద గంటకు 1.2 మిల్లీలీటర్లు అనీ ఉంది, 24 గంటలకు 28.8 అనీ ఉంది. పంపులో గంటకు 28.8 అని పెట్టారు. ఇంకో నర్సు సరిచూసినా దొరకలేదు. మందంతా 4 గంటల్లో ఎక్కేసింది. ఆ రోగి బతకలేదు. నర్సులను దోషులుగా నిలబెట్టడానికి నాకు మనసొప్పదు. పంపు అడిగేది గంట లెక్క అయినప్పుడు, రోజు లెక్కను దాని పక్కనే అచ్చువేయడం ఎందుకు? సరిచూసే రెండోవాళ్లు మొదటివాళ్ల లెక్క చూడకుండా తమంతట తాము లెక్క కట్టాలి. మీరు కూడా అడగండి: “సిస్టర్, గంటకు ఎంత? ఎప్పటికి అయిపోతుంది?” ఇలా అడిగితే ఎవరూ తప్పుగా అనుకోకూడదు.

ఇంటికి పంపేటప్పుడు చాలాచోట్ల బెలూన్ పంపు ఇస్తారు. దానికి బ్యాటరీ ఉండదు, అలారం ఉండదు. సాగిన బెలూన్ ముడుచుకుంటూ మందును నెడుతుంది. వేగాన్ని అదుపుచేసే చిన్న భాగాన్ని ఒంటికి అంటించి ఉంచుతారు, ఎందుకంటే అది ఒంటి వేడికి సరిపడా చేసినది. ఎండలో తిరిగినా, దానిమీద వేడినీళ్ల సంచి పెట్టినా మందు వేగం పెరుగుతుంది. పూటపూటకూ బెలూన్ ఎంత తగ్గిందో చూడండి.

చెప్పిన గడువుకు చాలా ముందే ఖాళీ అయిపోతే, రోగికి ఏ బాధా లేకపోయినా, అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఫ్లోరోయురాసిల్ మోతాదు మించితే విరుగుడుగా యూరిడిన్ ట్రైఅసిటేట్‌ను 2015లో అమెరికా ఆమోదించింది. మందు ఎక్కడం ముగిసిన 96 గంటల్లోపే దాన్ని మొదలుపెట్టాలి.